హాల్ టికెట్ల పూజ: ఒక ఉపాధ్యాయిని సందేహం

ప్రశ్న: మేము తిరుపతిలో ఉంటాము. నేను చంద్రగిరి వైపున్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. మాది రోజూ దీపం పెట్టే ఇల్లు. పదో తరగతి పిల్లలకు హాల్ టికెట్లు ఇచ్చే ముందు వాటిని సరస్వతీదేవి పటం ముందు ఉంచి, పసుపు కుంకుమలు అద్ది, కొబ్బరికాయ కొట్టి, కేసరి పంచడం మా బడిలో ఏటా జరిగే ఆనవాయితీ. ఈసారి పెంతెకొస్తు సంఘానికి వెళ్లే కుటుంబంలోని ఒక అబ్బాయి పూజ జరుగుతున్నంతసేపూ వరండాలో కూర్చున్నాడు. కేసరి కూడా వద్దన్నాడు. 'వీడు తప్పుతాడు చూడండి' అని తోటి పిల్లలు నవ్వితే, ఒక మాస్టారు కూడా వాళ్లతో పాటు నవ్వారు. మరునాడు వాడి తండ్రి వచ్చి, ఏ గొడవా పెట్టుకోకుండా, 'బొట్టు పెట్టని హాల్ టికెట్ ఇస్తే చాలు మేడమ్' అని అడిగి వెళ్లాడు. ఆ మాట నన్ను వదలడం లేదు. మరోవైపు మా పాప ఊళ్లోనే ఒక క్రైస్తవ సంస్థ నడిపే ఎయిడెడ్ బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. అక్కడ రోజూ ఏసు ప్రార్థన ఉంటుంది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని పాప 'ఆమేన్' అంటే మా అత్తగారు బాధపడుతున్నారు. 'తిరుపతిలో ఉండి గోవిందా అనడానికి కూడా సందేహమా?' అని మావారు అంటున్నారు. వాళ్ల బడుల్లో వాళ్ల ప్రార్థన చేయిస్తుంటే మనమే ఎందుకు మానాలి? మతాన్ని బడిలోంచి తీసేస్తే పిల్లలకు నీతి ఎక్కడినుంచి వస్తుంది? మీరు మానవవాది గనుక మీ జవాబు ముందే తెలుసునని మావారు అన్నారు. అయినా అడుగుతున్నాను.
- పేరు వద్దు, తిరుపతి

సమాధానం: పేరు ప్రకటించవద్దని కోరిన ఉపాధ్యాయిని గారికి నమస్కారం.

మీవారు అన్న మాటలో సగం నిజముంది. నేను దేవుణ్ణి నమ్మను. మంచిచెడ్డలు తేల్చుకోవడానికి మనిషికి తన ఆలోచన, తోటి మనిషి పట్ల దయ చాలునని నమ్ముతాను. అయితే మీరు అడిగిన దానికి జవాబు దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదంలో లేదు. ఆ వాదంలో మీరొక పక్క, నేనొక పక్క నిలబడి కూడా వరండాలో కూర్చున్న ఆ అబ్బాయి విషయంలో ఒకే మాట మీదికి రావచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హాల్ టికెట్ల పూజను బడి కార్యక్రమంగా మానుకోవడం మంచిది. మీ పాప చేత తనకు విశ్వాసం లేని ప్రార్థన చేయించవద్దని ఆ బడివారిని అడిగే హక్కు మీకు ఉంది. ఈ రెండింటికీ కారణం ఒక్కటే గనుక, ఒకటి కావాలంటూ రెండోదాన్ని కాదనడం మీకు గాని నాకు గాని కుదరదు.

ముందుగా తిరుపతి సంగతి. మీవారి మాటలో ఊరిమీది అభిమానం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అలిపిరి మెట్లకు ఒక్కొక్కదానికీ వంగి పసుపు కుంకుమలు రాస్తూ ఎక్కే ఆడవాళ్లను, తలనీలాలిచ్చి పిల్లాపాపలతో బస్టాండుకు చేరే కుటుంబాలను రోజూ చూసే ఈ ఊళ్లో, విశ్వాసం మనిషికి ఇచ్చే నిబ్బరాన్ని ఏ మానవవాదీ కాదనలేడు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే నేనూ వెళతాను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక తీరుగా ముస్తాబై, మీసాలున్న మగవాళ్లు చీరలు కట్టుకుని, జడలు వేసుకుని, వేపమండలు పట్టుకుని వీధుల్లో నడిచే ఆ జాతరలో నాకు భక్తి లేకపోయినా సంతోషం ఉంది. ఎందుకంటే అక్కడ వేషం కట్టినవారెవరు, కట్టనివారెవరు అని రాసుకునే పుస్తకం ఎవరి దగ్గరా ఉండదు. రానివాణ్ణి ఎందుకు రాలేదని అడిగే అధికారం కూడా ఎవరికీ లేదు.

బడిలో ఆ పుస్తకం ఉంది, దాన్ని హాజరు పట్టీ అంటాము. ఫార్మేటివ్ పరీక్షలకు మార్కులు వేసే చెయ్యి, టీసీ మీద సంతకం పెట్టే చెయ్యి, నలుగురిలో మెచ్చుకునే నోరు, నలుగురిలో నవ్వే నోరు కూడా అక్కడే ఉన్నాయి. ఇన్ని అధికారాలున్న చోట పెద్దలు 'ఇష్టమైతేనే రండి' అని ఎంత మంచి మనసుతో చెప్పినా, పదిహేనేళ్ల పిల్లవాడికి అది ఆజ్ఞగానే వినిపిస్తుంది. పైగా మీ బడిలో పూజను ముడిపెట్టినది హాల్ టికెట్‌తో. అది ప్రభుత్వం తన పరీక్షకు వచ్చే పిల్లవాడికి తప్పక ఇవ్వవలసిన కాగితం, అది లేకుంటే వాణ్ణి పరీక్ష గది గుమ్మం దాటనివ్వరు. ఆ రోజు బడికి రాకుండా ఉండే వీలు వాడికి లేదు. వచ్చిన తరువాత తన ఫోటో ఉన్న కాగితం తన ఇంటివారు ఒప్పుకోని పూజలోంచి బయటికి వచ్చేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. వాడి తండ్రి అడిగినది కూడా ఎంత చిన్న కోరికో గమనించండి. పూజ మానమని ఆయన అనలేదు, తనకు న్యాయంగా రావలసినదాన్ని బొట్టు లేకుండా ఇమ్మన్నాడు, అదీ మనవి చేసుకుంటున్నట్టు. ఒక తండ్రి హక్కును మనవిగా అడగవలసి వచ్చిందంటే ఆ బడి వాతావరణంలో ఏదో పొరపాటు జరిగిందని మీకు తోచింది గనుకనే మీరు నాకు రాశారు.

కొండమీద రాజకీయ ప్రసంగాలు వద్దని తితిదే పాలకమండలి 2024 నవంబరులో తీర్మానించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. రాజకీయం చెడ్డదని కాదు, దర్శనానికి వచ్చినవారి మనసు మరో గొడవలోకి పోకూడదని. అన్ని పార్టీలవారూ తలవంచే చోట ఒక పార్టీ మైకు పట్టుకోకూడదన్న ఆ నియమం సబబైనదే. గుడి తన ఆవరణ మర్యాదను కాపాడుకున్నట్టే బడి కూడా తన ఆవరణ మర్యాదను కాపాడుకుంటే అది గుడికి అవమానం ఎలా అవుతుంది? అన్ని ఇళ్ల పిల్లలూ కూర్చునే చోట ఒక ఇంటి దేవుడికి మాత్రమే హారతి పట్టకపోవడం ఆ దేవుణ్ణి కాదనడం కాదు.

మతమూ ప్రభుత్వమూ ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్న తిరుపతికి ఇవాళ కొత్తగా వచ్చినదీ కాదు. ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ ఆదాయ వ్యయాలను తన అధికారుల చేత చూయించుకున్న రోజులున్నాయి. 1821లో బ్రూస్ కోడ్ పేరిట నియమావళి కూడా రాయించింది. పరమతస్థుల గుడిని క్రైస్తవ ప్రభుత్వం నడపడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు ఒత్తిడి తేవడంతో 1843లో కంపెనీ తప్పుకుని పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. తొంభై ఏళ్లు గడిచాక, 1932 నాటి మద్రాసు చట్టం ద్వారా తిరుమల తిరుపతి దేవస్థానాల పాలనకు కమిటీ వచ్చింది. రాజ్యం చెయ్యి పెట్టినప్పుడూ తీసినప్పుడూ కూడా ఎవరి ప్రయోజనాలు వారికి ఉన్నాయని ఈ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వం మతాన్ని మోయడం మొదలుపెడితే మతం కూడా ప్రభుత్వాన్ని మోయవలసి వస్తుంది. భక్తులకే ఇది ముందుగా రుచించకుండా పోతుందని నా అనుమానం.

ఇక చట్టం. రాజ్యాంగం 28వ అధికరణం మూడు నాలుగు వాక్యాలలో ముగిసేది గనుక మీరే ఒకసారి చదువుకోవచ్చు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయ నిధులు గాని పొందే సంస్థలో మతబోధకు హాజరు కావాలని, ఆరాధనలో పాల్గొనాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పాల్గొనాలంటే ఆ వ్యక్తి సమ్మతి ఉండాలి, మైనరు అయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. మతబోధ ఉండాలన్న షరతుతో ధర్మనిధి లేదా ట్రస్టు కింద ఏర్పడి, ప్రభుత్వం నిర్వహించే సంస్థలకు మినహాయింపు ఉంది. దేవస్థానం వారి ధర్మగిరి వేద పాఠశాలలో వేదం చెప్పడానికీ, మదరసాలో ఖురాన్ చెప్పడానికీ ఎవరి అభ్యంతరమూ లేదు. 2012 సవరణ తరువాత విద్యాహక్కు చట్టం కూడా ఆ రెండు రకాల సంస్థలనూ తన పరిధిలోంచి తప్పించింది. అక్కడికి వచ్చేవారు దానికోసమే వస్తారు.

ఈ అధికరణం ముసాయిదా రూపంలో రాజ్యాంగ సభ ముందుకు 1948 డిసెంబరులో వచ్చినప్పుడు అంబేద్కర్ చెప్పిన కారణాలు నాకు నేటికీ బలంగానే కనిపిస్తాయి. అందరి పన్నులతో నడిచే బడిలో ఒక మతం బోధించడం తగదు, ఇన్ని మతాలున్న దేశంలో ప్రతి బడిలో ప్రతి మతాన్నీ బోధించడం కుదరదు, పైగా ఒక మతం చెప్పేదాన్ని మరో మతం అబద్ధమంటుంది గనుక ఆ తగాదాలు పిల్లల మధ్యకు వస్తాయి. ఆయన భయపడిన ఆ మూడో సంగతి మీ వరండాలో చిన్న ఎత్తున జరిగింది.

ఉదయ ప్రార్థన మతబోధ కిందికి వస్తుందా అన్నదానిపై న్యాయస్థానం చివరి మాట ఇంకా చెప్పలేదన్న వాదన ఒకటి ఉంది. దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. కేంద్రీయ విద్యాలయాలలో పాడే సంస్కృత ప్రార్థనను సవాలు చేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు 2019 జనవరిలో పెద్ద ధర్మాసనానికి నివేదించారు. వెలుగు వైపు నడిపించమనే శ్లోకం వేరు, పటం ముందు కొబ్బరికాయ కొట్టడం వేరు అని కొందరు అంటారు, అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా మీ బడిలో జరిగినది శ్లోకం కాదు, పూజ. దాన్ని గురించి తర్జనభర్జనలు అక్కరలేదు.

'వాళ్ల బడుల్లో చేయిస్తుంటే మనమే ఎందుకు మానాలి?' అని మీరు అడిగారు. చాలామంది మనసులో ఉండి బయటికి అనని ప్రశ్న ఇది. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పాలి. చట్టం ఇక్కడ చూసేది హిందువా క్రైస్తవుడా అని కాదు, డబ్బు ఎవరిది అని. మీ బడి జీతాలు, గోడలు, సుద్దముక్కలు అన్నీ ప్రభుత్వానివి గనుక అక్కడ ఏ మతబోధకూ చోటు లేదు. మీ పాప బడి ఒక సంస్థది, ప్రభుత్వం సహాయం చేస్తుంది గనుక అక్కడ ప్రార్థన ఉండవచ్చు, కాని సమ్మతి లేకుండా ఎవరినీ అందులో నిలబెట్టకూడదు. తిరుపతిలో హిందూ సంస్థలు నడిపే బడులకూ ఇదే సూత్రం, సరస్వతీ ప్రార్థన చేసుకోవచ్చు, బలవంతం కూడదు. కాబట్టి మీరు మానవలసినది హిందువులుగా కాదు, ప్రభుత్వ ఉపాధ్యాయులుగా. అదే మీ బడిలో రేపు ఒక క్రైస్తవ ప్రధానోపాధ్యాయుడు వచ్చి హాల్ టికెట్ల మీద బైబిలు పెట్టి ప్రార్థన చేయిస్తే మీవారు ఏమంటారో ఊహించుకోండి. ఆ రోజు ఆయన చూపించవలసినది కూడా ఈ 28వ అధికరణాన్నే.

సమ్మతి అనే మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దీన్ని మన బడులు తలకిందులుగా అర్థం చేసుకున్నాయి. ఎవరైనా వద్దంటే వదిలేస్తాము, కాదన్నవారిని బలవంతపెట్టము అని ప్రధానోపాధ్యాయులు చెబుతారు, అదే ఉదారత అనుకుంటారు. రాజ్యాంగం అన్నది అది కాదు, ముందు అడిగి, సరేనన్న తరువాతే చేర్చుకోవాలని. కాదనే భారాన్ని పిల్లవాడి మీద పెట్టడానికీ, అడిగే భారాన్ని పెద్దల మీద పెట్టడానికీ చాలా తేడా ఉంది. ఇంగ్లండులో ప్రభుత్వ నిధులతో నడిచే బడులలో రోజూ సామూహిక ఆరాధన ఉండాలని చట్టం చెబుతుంది, ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లలను దాని నుంచి తప్పించవచ్చునని కూడా చెబుతుంది. అక్కడి మానవవాదులు ఏళ్ల తరబడి చెబుతున్నది ఏమంటే, తప్పించుకున్న పిల్లవాడు ఆ కాసేపూ ఒంటరిగా మరో గదిలో కూర్చుంటాడని, వాడు ఎందుకు లేడో మిగతావారందరికీ తెలుస్తుందని. మినహాయింపు ఇచ్చాము గదా అని చేతులు దులుపుకుంటే మిగిలేది ఆ ఒంటరితనమే. మీ బడిలోనూ ఆ అబ్బాయిని ఎవరూ బలవంతం చేయలేదు. కాని వరండాలో కూర్చోవడం వాడు తనంతట తాను కోరుకున్న చోటు కాదు, మనం వాడికి మిగిల్చిన చోటు.

కాదన్న పిల్లలను దేశం ఎలా చూడాలో చెప్పిన తీర్పు ఒకటి ఉంది. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడ్డారు గాని, విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి వారిని తీసివేసింది. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసినది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయమూ, మన తత్త్వమూ, మన రాజ్యాంగమూ సహనాన్నే చెబుతున్నాయని, దాన్ని పలచన చేయవద్దని ఆయన ముగించారు. ఆ పిల్లల విశ్వాసం నాకు ఏమాత్రం సరిపడదు, చాలామంది హిందువులకూ క్రైస్తవులకూ కూడా సరిపడదు. అయినా వారి మనస్సాక్షికి గొడుగు పట్టడమే న్యాయమని తేలింది. మీ విద్యార్థి గురించి తోటి ఉపాధ్యాయులతో మాట్లాడవలసి వస్తే ఈ తీర్పునే ఉదహరించండి, ఇందులో ఏ మతానికీ పక్షపాతం కనిపించదు గనుక వినేవారు వింటారు.

బహిరంగ జీవితంలో మతానికి చోటే ఉండకూడదని మానవవాదులు అంటారన్న అపోహ ఒకటి ఉంది, దాన్ని రెండు మాటల్లో తీర్చి ముందుకు వెళతాను. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి, మదనపల్లె దగ్గర మిషన్లు కట్టిన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం లాంటివి మతం సమాజానికి ఇచ్చిన మేలు, వాటిని ఏ మానవవాదీ వద్దనడు. అన్నం పెట్టే చోట, కట్టు కట్టే చోట మతం ప్రేరణగా ఉంటుంది, షరతుగా ఉండదు. మాకున్న పేచీ షరతుతోనే. అలాగే రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు మోగకూడదన్న నియమం గుడికీ చర్చికీ మసీదుకీ ఒక్కటే. పక్కవారి నెమ్మదిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని 2000లో సుప్రీంకోర్టు ఒక చర్చి దావాలోనే అన్నది. పదో తరగతి పిల్లలున్న ఇళ్లవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మీ రెండో సందేహం, అంటే మతం లేకుంటే నీతి ఎక్కడినుంచి వస్తుందన్నది, మొదటిదానికంటే లోతైనది. దీన్ని ఒకప్పటి మన చిత్తూరు జిల్లాకు సంబంధించిన ఇద్దరు పెద్దలు వేరువేరు దారుల్లో ఎదుర్కొన్నారు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ బాల్యంలో కొన్నేళ్లు తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. హిందూ తత్త్వాన్ని ప్రపంచానికి చెప్పిన పెద్దమనిషికి అక్షరాలు దిద్దించినవారిలో క్రైస్తవ ఉపాధ్యాయులు ఉన్నారన్నమాట. ఈ ముక్క మీ అత్తగారికి కొంత ఊరటనివ్వవచ్చు. ఆయన అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం రోజును కొన్ని నిమిషాల మౌనంతో మొదలుపెట్టమని, డిగ్రీ మొదటి సంవత్సరం మత ప్రవక్తల జీవితాలు, రెండో సంవత్సరం వివిధ మత గ్రంథాల్లో అందరికీ చెల్లే భాగాలు, మూడో సంవత్సరం మత తత్త్వానికి సంబంధించిన సమస్యలు చెప్పమని సూచించింది. ఇక మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి 1926 నుంచి ఉంది. అక్కడ సాయంకాలం పిల్లలు ఒక చోట చేరి, ఏ దేవుడి పేరూ చెప్పకుండా, పొద్దు గుంకడాన్ని చూస్తూ మౌనంగా కూర్చునే అలవాటు ఉంది. ఒకరు మతాన్ని గౌరవించినవారు, మరొకరు వ్యవస్థీకృత మతాన్ని కాదన్నవారు. ఇద్దరి ఆలోచనా పిల్లల విషయంలో మౌనం దగ్గర కలిసింది. మీ బడి ఉదయం అసెంబ్లీలో రెండు నిమిషాల మౌనం పెట్టండి. అందులో ఒకరు గోవిందా అనుకుంటారు, ఒకరు ఏసుప్రభువును తలుచుకుంటారు, ఒకరు అల్లాను తలుచుకుంటారు, నాలాంటివాడి పిల్ల లెక్కల పరీక్షను తలుచుకుంటుంది. (ఆ సమయంలో పెదవులు ఎవరివి కదులుతున్నాయో చూడకూడదని మాస్టర్లకు మాత్రం గట్టిగా చెప్పాలి.)

మతాన్ని గురించి చెప్పకూడదని నేను అనడం లేదు, మతాన్ని పాటింపజేయకూడదని అంటున్నాను. మతాలను పాఠంగా చదివించడం మతబోధ కాదని సుప్రీంకోర్టు 2002లో జాతీయ పాఠ్యప్రణాళిక కేసులో కూడా అన్నది. మీది జీవశాస్త్రమే అయినా ఒక ఉదాహరణ చెబుతాను. గ్రహణం రోజున పిల్లలు తప్పక అడుగుతారు. బంతి, టార్చిలైటు పెట్టి నీడ ఎలా పడుతుందో చూపించండి. ఆ తరువాత, గ్రహణ వేళ తిరుమల ఆలయం తలుపులు మూస్తారని, ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్న శ్రీకాళహస్తి ఆలయం మాత్రం తెరిచే ఉంటుందని చెప్పండి. ఒకే ఆకాశం కింద, ఒకే మతంలో, రెండు గుళ్లకు రెండు ఆచారాలు ఎందుకున్నాయో పెద్దలను అడిగి తెలుసుకు రమ్మనండి. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజల గురించి ఒకరు చెబుతారు, గర్భిణులను బయటికి రానివ్వకపోవడం గురించి ఒకరు చెబుతారు, అప్పుడు జీవశాస్త్రం పనికొస్తుంది. అలాగే ఉగాదినాడు దేవుని కడప ఆలయానికి ముస్లింలు ఎందుకు వస్తారో, పీర్ల పండుగలో రాయలసీమ పల్లెల్లో హిందువులు ఎందుకు గుండం తొక్కుతారో పిల్లలు అడిగి తెలుసుకుంటే, మతం పుస్తకాల్లో కంటే మనుషుల్లో ఎంత కలగలిసి ఉందో వాళ్లకే తెలుస్తుంది. ఇటువంటి పాఠంలో పెంతెకొస్తు పిల్లవాడికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, వాడు వరండాలోకి పోనక్కరలేదు.

నీతి సంగతికి వస్తే, అది మీ బడిలో దినదినమూ ఏదో ఒక మూల పరీక్షకు వస్తూనే ఉంది. మధ్యాహ్న భోజనంలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదు, కాపీ కొట్టినవాణ్ణి చూసి చూడనట్టు ఎవరు వదిలేస్తున్నారు, పై తరగతిలో చేరిన తరువాత ఆడపిల్ల బడి మానేస్తే ఆ ఇంటికి ఎవరు వెళుతున్నారు అన్నవే ఆ ప్రశ్నలు. వీటికి జవాబు దేవుణ్ణి నమ్మేవారూ నమ్మనివారూ ఒకే చోట వెతకాలి, ఎదుటివాడికి కలిగే నొప్పిలో. రాజ్యాంగం 51ఏ అధికరణం శాస్త్రీయ దృక్పథంతో పాటు మానవవాదాన్ని కూడా పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది, 1976 నుంచి అది అక్కడ ఉంది. నీతి మతం నుంచే రావాలంటే, ఆ రోజు కొబ్బరికాయ కొట్టి చేతులు కడుక్కోకముందే ఒక పిల్లవాణ్ణి చూసి నవ్విన మీ సహోద్యోగికి అది ఎందుకు రాలేదో చెప్పవలసి ఉంటుంది. ఆయనను ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు. పూజ నీతికి హామీ ఇవ్వదు, పూజ లేకపోవడమూ ఇవ్వదు, నాస్తికుల్లో కూడా నేను అటువంటి నవ్వులు చూశాను.

ఇప్పుడు చేయవలసిన పనులు. హాల్ టికెట్ల ముందురోజు ఈ విషయం ఎత్తితే అది గొడవగా మారుతుంది, మీరు దేవుడికి అడ్డుపడినట్టు అవుతుంది. జూన్‌లో బడులు తెరిచాక మొదటి స్టాఫ్ మీటింగుకు ముందే ప్రధానోపాధ్యాయుల వారితో ఒంటరిగా మాట్లాడండి. పూజను రద్దు చేయమని అనకండి. హాల్ టికెట్లను బడి నేరుగా పిల్లల చేతికి ఇస్తుంది, మొక్కుకోవాలనుకున్నవారు తల్లిదండ్రులతో కలిసి తమ గుడికో చర్చికో మసీదుకో తీసుకెళతారు అని ప్రతిపాదించండి. ఆ రోజును ఏదో ఒకదానితో నింపకపోతే వెలితిగా ఉంటుంది గనుక, తలా రెండు పెన్నులు ఇచ్చి, బార్‌కోడు షీటు ఎలా నింపాలో చూపించి, పరీక్ష కేంద్రానికి ఏ బస్సు ఎన్ని గంటలకు వెళుతుందో రాసి ఇవ్వండి, కేసరి కూడా పెట్టండి, పటం ముందు పెట్టనంత మాత్రాన దాని తీపి తగ్గదు. పాఠశాల యాజమాన్య కమిటీలో ఓటు పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు, నీళ్ల ట్యాంకు గురించి, మరుగుదొడ్ల గురించి వారి మాట చెల్లాలి, కాని ఒక పిల్లవాడి మనస్సాక్షిని చేతులెత్తి లెక్కించే వీలు లేదు. ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ చర్చ మొదలుపెట్టకండి, అక్కడ ఎవరూ ఎవరినీ ఒప్పించిన దాఖలా నేను చూడలేదు.

ఆ అబ్బాయి ఇప్పటికే మీ బడి దాటిపోయి ఉంటాడు. వీలైతే వాడి తండ్రికి ఫోను చేసి, జరిగినది సరికాదని మీకు అనిపించిందని ఒక మాట చెప్పండి. బడి తరఫున క్షమాపణ చెప్పే అధికారం మీకు లేకపోవచ్చు, ఉపాధ్యాయురాలిగా మీ మాట చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మీ పాప విషయంలో మాత్రం ఆ బడికి ఉత్తరం రాసే ముందు పాపనే అడగండి. మైనరు సమ్మతిని చట్టం సంరక్షకుల చేతిలో పెట్టింది, నిజమే. కాని పిల్లలకు కూడా ఆలోచనా స్వేచ్ఛ, మనస్సాక్షి స్వేచ్ఛ ఉన్నాయని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో ఆమోదించింది, అది మీ బడికే కాదు, మీ ఇంటికీ నా ఇంటికీ వర్తించే భావన. పాపకు ఆ పాటలు వినసొంపుగా ఉన్నాయి గనుక పాడుతోందా, పాడకపోతే సిస్టర్లు ఏమంటారోనని పాడుతోందా అన్నది ముందు తెలియాలి. మొదటిదైతే అత్తగారికి నచ్చజెప్పి వదిలేయండి, అన్నం ముందు ఆమేన్ అన్నంత మాత్రాన మీ ఇంటి దీపం కొండెక్కదు. రెండోదైతే చేరిక సమయంలో మీరు సంతకం పెట్టిన దరఖాస్తును ఒకసారి తీసి చూడండి, ప్రార్థనకు సమ్మతి అని అందులో ఒక గీత ఉంటే దాన్ని రాతపూర్వకంగా ఉపసంహరించుకోవచ్చు. ఉత్తరం చిన్నదిగా, మర్యాదగా, తెలుగులోనే రాయండి. పాప అసెంబ్లీలో అందరితో పాటు నిలబడుతుందని, ఏసు జీవితం గురించిన పాఠం శ్రద్ధగా వింటుందని, ప్రార్థన పలకడం, చేతులు జోడించడం మాత్రం తన ఇష్టానికి వదలమని కోరుతున్నామని, 28వ అధికరణం మూడో ఖండం కింద ఇలా కోరుతున్నామని చాలు. రసీదు సంతకంతో నకలు మీ దగ్గర ఉంచుకోండి. చాలా బడులు ఈ ఉత్తరంతోనే ఒప్పుకుంటాయి. ఒప్పుకోక, ఇష్టం లేకపోతే టీసీ తీసుకోండి అన్న జవాబు వస్తే, ఆ జవాబును కూడా రాతపూర్వకంగా ఇమ్మని అడిగి, రెండు కాగితాలూ జతచేసి జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఇవ్వండి.